మిల్లు తాతగారిని జడలో అల్లేసిన వైనం

ఆ రోజుల్లో నాకు కూర్చోవడం వచ్చేది కాదు. అన్నానికి కూర్చుంటే మంచినీళ్ళకని లేచేదాన్ని, గ్లాసు పట్టుకుని వీధిలోకి వెళ్ళేదాన్ని, వీధిలోంచి పక్కింట్లోకి వెళ్ళేదాన్ని, వాళ్ళు "అన్నం తిన్నావా అమ్మాయ్" అని అడిగితే అప్పుడు గుర్తొచ్చేది, కంచం అక్కడే వదిలేసి వచ్చానని. డిగ్రీ పూర్తయింది, ఉద్యోగం రాలేదు. అమలాపురంలో ఒక జిరాక్సు షాపులో నెల్లాళ్ళు చేశాను గానీ, ఆ మిషను ఒక్కో కాగితాన్నీ నిండు చూలాలు నడిచినంత తాపీగా బయటికి పంపుతుంటే చూస్తూ నిలబడడం నా వల్ల కాలేదు. (ఒకసారి ఓపిక పట్టలేక కాగితం కొస పట్టుకుని లాగాను. నేను మానేశానని నేనంటాను, మాన్పించేశామని షాపాయన అంటారు. రెండూ ఒకే రోజు జరిగాయి.) ఇంట్లో ఉన్నంతసేపూ గుమ్మం నుంచి పెరటికీ, పెరటి నుంచి కాలువ గట్టుకీ తిరుగుతూనే ఉండేదాన్ని. అందుకని మా నాయనమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. ఆ పేరు మా వీధి దాటి, సందులు తిరిగి, ఊరంతా పాకింది. ఇప్పుడు నాకు మోకాలి నొప్పి. ఆ పిల్ల గుర్తొస్తే కాస్త నవ్వూ, కాస్త అసూయా కలుగుతాయి.

మా ఇల్లు పంట కాలువ గట్టు మీద. కాలువకి అవతల, సరిగ్గా మా ఇంటికి ఎదురుగా, మా నాయనమ్మ చెల్లెలి ఇల్లు. ఆవిడని మేము అవతలి నాయనమ్మ అనేవాళ్ళం. మధ్యలో రెండు కొబ్బరి దుంగలు పక్కపక్కన వేసిన వంతెన, పట్టుకోవడానికి ఒక వెదురు గడ. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనమ్మ ఆ దుంగల మీద నడిచి చెల్లెలింటికి వెళ్ళేది. ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని కొబ్బరాకు చీరి, ఈనెలు తీసి, చీపుళ్ళు కట్టేవారు. చేతులు ఈనెల మీద, నోళ్ళు ఊరి మీద. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే చూశాను. అలాంటిది ఒక వానాకాలం దుంగకి పాచి పట్టి నాయనమ్మ జారి పడింది. తుంటి విరిగింది. ఆపరేషనయి, కర్ర సాయంతో నడక వచ్చింది గానీ, ఇక ఆ దుంగల మీద కాలు పెట్టడం కల్లోని మాటయింది. లాకుల దగ్గర పెద్ద వంతెన ఉంది, ఆటోలో చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు. రెండుసార్లు తీసుకెళ్ళాం కూడా. మూడోసారి ఎక్కనంది. "ఎదురుగా కనపడే ఇంటికి ఆటో ఏంటే? ఆటోవాడు బయట హారన్ కొడతా ఉంటే అది చుట్టపు చూపవుద్ది గానీ, వెళ్ళి కూచున్నట్టవుద్దా?" అంది.

కొన్నాళ్ళు ఈ గట్టు మీద ఒకరు, ఆ గట్టు మీద ఒకరు కూర్చుని కేకలేసుకుంటూ చీపుళ్ళు కట్టుకున్నారు. దాంతో మా రెండిళ్ళ రహస్యాలూ కాలువ పొడవునా ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోయాయి. (మా అమ్మ పులుసులో ఉప్పెక్కువ వేస్తుందన్న సంగతి నాకు అలాగే తెలిసింది.) ఆ తర్వాత అవతలి నాయనమ్మకి చెవులు మందగించాయి. కేకలు కూడా పోయాయి. మనిషి కనపడుతుంది, మాట అందదు. నాయనమ్మ చెయ్యెత్తి ఊపుతుంది, ఆవిడ అక్కణ్ణించి ఊపుతుంది, అంతే. ఇక ఏమీ తోచక నాయనమ్మ కర్ర పట్టుకుని గట్టుకీ ఇంటికీ మధ్య తిరుగుతూ ఉండేది. పొద్దున్నా తిరగడమే, సాయంత్రమూ తిరగడమే. నాకీ కాలుగాలిన గుణం ఎవరి నుంచి వచ్చిందో ఆ రెండేళ్ళలో నాకు బాగా తెలిసింది.

మంచి వంతెన వెయ్యండని పంచాయతీలో అడిగితే ప్రతిపాదన పైకి పంపామన్నారు. ఆ ప్రతిపాదన కూడా ఎక్కడో ఏ దుంగ మీదో కాలు జారినట్టుంది, తిరిగి రాలేదు. అప్పుడు మా ఊరి తాళాల పిన్ని ఒక మాటంది. ఆవిడ పొద్దున పూట ఇడ్లీలు వేస్తుంది, సాయంత్రం పూట ఆడవాళ్ళకి కోలాటం నేర్పుతుంది. చేతిలో ఎప్పుడూ ఇత్తడి తాళాలుంటాయి కాబట్టి ఆ పేరు. "సుబ్బారాయుడి షష్ఠికి ఎలాగూ గుళ్ళో ఆడతాం. ఈ ఏడాది తొమ్మిది రోజులు ముందుగానే మొదలెట్టి ఇంటింటికీ వెళ్ళి ఆడదారి. వాళ్ళిచ్చింది వంతెనకి. దేవుడి పేరు చెప్పుకుని పాడితే ఎవరూ లేదనరు" అంది. ఊరు సరేనంది. అయితే జట్టులో పన్నెండు మంది ఉండాలి. ఒకావిడ అంతకు ముందే పనికి మస్కట్ వెళ్ళిపోయింది. నాయనమ్మ నా వైపు చూసింది. "దీని కాళ్ళు ఎలాగూ ఊరికే ఉండవు. తీసుకుపొండమ్మా, కాస్త పనికొచ్చే తిరుగుడు తిరుగుద్ది" అంది. చెల్లెలింటికి నడిచి వెళ్ళాలన్న ఆవిడ ఆశంతా ఆ రోజు నా కాళ్ళ మీద పెట్టింది. ఆ సంగతి తెలిసి నాకు గర్వం వేసింది, దాని వెనకాలే భయమూ వేసింది.

కోలాటం నాకు రాలేదని ఎవరూ అనలేరు. వచ్చింది, అందరికంటే ముందొచ్చింది. అదే చిక్కు. తాళం పడకముందే నా అడుగు పడేది. పక్కనున్న పార్లర్ వదిన (మా ఊళ్ళో మొదటి బ్యూటీ పార్లర్ ఆవిడదే) తన కోల ఎత్తేలోగా నా కోల వెళ్ళి ఆవిడ వేళ్ళకి తగిలేది. పెంచుకున్న గోళ్ళు మూడు రోజుల్లో నాలుగు పోయాయి. "నాకు పెళ్ళయినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదండి" అని ఆవిడ పిన్నికి చెప్పుకుంది. పిన్ని నన్ను పక్కకి పిలిచి, "తాళం పడ్డాక అడుగెయ్యాలే అమ్మా. నువ్వు ముందు పోతే తాళం నీ వెనకాల పరిగెట్టుకొస్తదా?" అంది. ఆయ్ అన్నాను. మర్నాడు మళ్ళీ అంతే. దానికి తోడు చీరలు. అందరికీ ఒకే రంగు రామా గ్రీను చీరలు కొందామని అమలాపురం వెళితే షాపులో పదకొండే ఉన్నాయి. చివర చేరినదాన్ని కాబట్టి పన్నెండోది, నిమ్మపండు రంగుది, నాకొచ్చింది. పదకొండు పచ్చ చీరల మధ్య ఒక నిమ్మపండు తప్పు అడుగు వేస్తే, చూసేవాడికి కళ్ళద్దాలు కూడా అక్కర్లేదు.

మా జట్టుకి పేరు తెచ్చింది జడ కోలాటం. అంటే ఏమిటో చూడనివాళ్ళకి చెబుతాను. ఒక లావుపాటి వెదురు గడని సిమెంటు నింపిన పెయింటు డబ్బాలో నిలబెడతారు. గడ పైన సైకిలు చక్రం రిమ్ము, దానికి పన్నెండు పొడుగాటి రంగు తాళ్ళు. రెండు చేతుల్లో కోలలుంటాయి కాబట్టి తాడు కొస నడుముకి కట్టుకుంటాం. ఆరుగురు కుడికి, ఆరుగురు ఎడమకి, ఒకరి లోపల నుంచి ఒకరం దాటుకుంటూ తిరిగితే పైనుంచి చక్కగా జడ అల్లుకుంటూ వస్తుంది. పిన్ని తాళాలు మూడుసార్లు గట్టిగా మోగించగానే అందరం ఒక్కసారే వెనక్కి తిరిగి, వేసిన అడుగులే మళ్ళీ వేస్తే జడ విడిపోతుంది. దానికొక నియమం ఉంది. ఏ గుమ్మంలో వేసిన జడ ఆ గుమ్మంలోనే విప్పాలి. కొయ్యకూడదు, తాళ్ళు వదిలి వెళ్ళకూడదు, అలా చేస్తే ఆ ఇంటికి చిక్కులు వదలవని అనేవారు. పిన్నికి ఆట నేర్పినావిడ చెప్పిందట, ఆవిడకి ఇంకొకావిడ చెప్పిందట. ఎవరూ పరీక్షించి చూడలేదు.

తొమ్మిది రోజులూ ఊరంతా తిరిగాం. ఇచ్చేవాళ్ళు ఇచ్చారు. సిమెంటు బస్తాలు రాయించినవాళ్ళున్నారు, గల్ఫులో ఉన్న మొగుడికి వీడియో కాల్లో మా ఆట చూపించి అక్కడికక్కడే ఇనప చువ్వలకి ఒప్పించినవాళ్ళున్నారు, ఏమీ లేదమ్మా అని పది కొబ్బరికాయలు ఒళ్ళో పోసినవాళ్ళున్నారు. వంతెన తాలూకు సరుకంతా సమకూరేటట్టే ఉంది. అయితే సరుకున్నా వంతెన నిలబడడానికి చోటు లేదు. పాత దుంగల దగ్గర గట్టు కోసుకుపోయింది, అక్కడ స్తంభం నిలవదని తాపీ మేస్త్రి ఎప్పుడో చెప్పేశాడు. గట్టి నేల ఉన్నది ఒక్క మిల్లు తాతగారి తోట గట్టు దగ్గరే. అది మా ఇంటికి నాలుగు గడపల అవతల. ఆయన ఆ నాలుగడుగుల నేల ఇస్తే వంతెన, లేకపోతే లేదు.

మిల్లు తాతగారు ఒకప్పుడు బియ్యం మిల్లు నడిపారు. మిల్లు మూతపడి ఏళ్ళయినా ఆయన హడావుడి మాత్రం మూతపడలేదు. చెడ్డమనిషి అనడానికి లేదు. లేదనరు, ఇస్తాననరు, అసలు నిలబడరు. నాయనమ్మ కర్ర పట్టుకుని రెండేళ్ళలో ఎన్నిసార్లు వాళ్ళింటికి వెళ్ళిందో. ఈవిడ వీధి గుమ్మంలో కనపడగానే ఆయన కండువా భుజాన వేసుకుని, "చూద్దారి చెల్లెమ్మా, ఇప్పుడొక పని మీద వెళ్తున్నాను" అంటూ పెరటి గుమ్మం నుంచి వెళ్ళిపోయేవారు. తుంటి విరిగిన మనిషి ఎంత దూరమని వెంటపడుతుంది? ఇంకో సంగతి, ఆయనకి శకునాల పట్టింపు జాస్తి. పిల్లి ఎదురొస్తే వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగి గాని బయల్దేరరు. (ఊరు నాకు పెట్టిన పేరు వల్ల నేనెదురైనా అంతేనని విన్నాను.) ఇంకొకటి, ఆయనకి నడుము పట్టేసి మూడేళ్ళయింది. నిటారుగా నడుస్తారు, నిటారుగా కూర్చుంటారు, వంగలేరు. కింద పడ్డ చెంబు కూడా వాళ్ళావిడ మిల్లు మామ్మగారే తీసివ్వాలి.

షష్ఠికి ముందు రోజు, పంచమి నాటి మధ్యాహ్నం, మా ఆట ఆయన వాకిట్లో. నాయనమ్మ కూడా వస్తానంది. సరుకుల రిక్షాలో వెదురు గడ పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అక్కడి నుంచి చూస్తే కాలువ, కాలువకవతల ఈనెలు తీసుకుంటూ కూర్చున్న అవతలి నాయనమ్మా కనపడుతున్నారు. నాకు పొద్దున్నించీ ఆయన ఆట అయ్యేదాకా ఉంటారా, మధ్యలో కండువా వేసుకుంటారా, నాయనమ్మ అడిగే సమయం చిక్కుతుందా అని ఒకటే ఆత్రం. అనుకున్నట్టే ఆట మొదలైన కాసేపటికి ఆయన చెయ్యి కండువా మీదకి వెళ్ళింది. అది చూశాను. ఇంకొక్క చుట్టు తిరిగితే పిన్ని మూడు తాళాలు మోగిస్తుందని నాకు తెలుసు. తొందరగా ముగిస్తే ఆయన దొరుకుతారు కదా అనిపించింది. అంతే, తాళాలు మోగకుండానే నేను వెనక్కి తిరిగిపోయాను.

తిరిగినదాన్ని అక్కడే ఆగినా బాగుండేది. పరుగు లాంటి నడకతో ముగ్గుర్ని దాటేశాను. ఎదురొచ్చిన పార్లర్ వదిన నా కోల చూసి, వేళ్ళు కాపాడుకోవడానికి తనూ వెనక్కి తిరిగింది. ఆవిడ వెనకాల ఇద్దరు తిరిగారు. మిగతావాళ్ళు తిరగలేదు. సగంమంది జడ వేస్తున్నాం, సగంమంది విప్పుతున్నాం. పిన్ని తాళాలు ఆపి చూసేసరికి పైన జడ బదులు పిచ్చుక గూడు లాంటిదేదో తయారైంది. తాళ్ళు పొట్టివైపోయి పన్నెండు మందిమీ గడ చుట్టూ ఒకరి భుజాలకొకరం అతుక్కుని నిలబడ్డాం. అందరూ నిమ్మపండు చీర వైపు చూశారు.

పాలేరు కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకొచ్చాడు. మిల్లు తాతగారి మొహం పాలిపోయింది. "కొయ్యకండి, కొయ్యకండి. మా గుమ్మంలో జడ కోస్తారా? ఉండండి, నేను చెప్తాను" అని కండువా బిగించి వాకిట్లోకి దిగారు. ముప్ఫై ఏళ్ళు మిల్లు బెల్టులు సరిచేసిన మనిషి, పన్నెండు తాళ్ళు ఆయనకి ఒక లెక్కా? మమ్మల్ని ఇంకాస్త దగ్గరికి జరగమన్నారు. తాళ్ళు వదులయ్యాయి. ఆయన మా మధ్య నుంచి లోపలికెళ్ళి, గడకి ఆనుకుని నిలబడి పైకి చూసి, "అందరూ కుడికి నడవండి" అన్నారు. మేం గడ వైపు తిరిగి ఉన్నాం, ఆయన మా వైపు తిరిగి ఉన్నారు. సగంమంది మా కుడికి నడిచాం, సగంమంది ఆయన కుడికి నడిచారు. "అలా కాదు, ఎడమకి" అన్నారు. మళ్ళీ అంతే. మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి చెప్పడానికి చూస్తే తాళ్ళు ఆయన ఛాతీ చుట్టూ, భుజాల చుట్టూ బిగిసిపోయి ఉన్నాయి. గడకి అంటుకుపోయి, మా జడకి జడగంటల్లా మిగిలిపోయారు పాపం.

"వంగి బయటికొచ్చేయండీ" అన్నారు మిల్లు మామ్మగారు అరుగు మీద నుంచి.

"వంగితే లేవలేను కదే."

"అయితే అలాగే ఉండండి. మజ్జిగ తెస్తాను." ఆవిడ పెద్ద గ్లాసుడు మజ్జిగ తెచ్చి, కొబ్బరి బోండాం తాగే గొట్టం ఒకటి వేసి, పార్లర్ వదినకీ నాకూ మధ్య నుంచి చెయ్యి పోనిచ్చి మొగుడి చేత తాగించారు. మా జట్టులో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు నవ్వు రాలేదు. భూమి రెండుగా చీలితే ముందుగా దూకుదామని చూస్తున్నాను. అంతా చెడింది, ఆయనకి కోపం వచ్చి ఉంటుంది, ఇక నేల ఇవ్వరు, నాయనమ్మ జన్మలో కాలువ దాటదు, అదంతా నా కాళ్ళ వల్ల అనుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు నాయనమ్మ లేచింది. కర్ర ఒక చేత్తో, కుర్చీ ఒక చేత్తో ఈడ్చుకుంటూ వచ్చి, మా వలయం పక్కన వేసుకుని ఆయన మొహం కనపడేటట్టు కూర్చుంది. "ఏమనుకోకండి అన్నయ్యగారూ" అంది.

"ఇప్పుడా మాటలెందుకు చెల్లెమ్మా? ముందు దీన్ని విప్పనీ."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడండి? రెండేళ్ళకి ఇయ్యాలే కదండి తమరు నిలబడ్డం." ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట చెబుతున్నట్టు చెప్పింది. "నాకేమీ అక్కర్లేదండి. అదిగో, అది అక్కడ కూచుంది చూడండి. కనపడుద్ది, వినపడదు. నేను చెయ్యూపితే చెయ్యూపుద్ది. ఏం తిన్నావే అని అడగాలంటే ఆటో కట్టించుకోవాలండి. చిన్నప్పటి నించీ ఒక్క మంచం మీద పడుకున్నోళ్ళమండి. ఎవరు ముందు పోతామో తెలవదు. రోజూ పొద్దున్నే లేచి అది అరుగు మీద కొచ్చిందా లేదా అని చూసుకుంటన్నాను. వచ్చేదాకా నా కాళ్ళు ఒకచోట నిలవట్లేదండి." ఆ తాళ్ళ వైపు చూసి, "తమరు అరగంట నించీ ఉన్నారు కదండి ఇందులో. ఎలా ఉందండి?" అని అడిగింది.

ఆయన గొట్టంతో ఇంకో గుక్క మజ్జిగ తాగారు. కాలువ వైపు చూశారు. అవతలి నాయనమ్మ ఈనెలు పక్కన పెట్టి, చేతిని కళ్ళకి అడ్డం పెట్టుకుని మా వైపే చూస్తోంది. "సరే చెల్లెమ్మా, చూ..." అని, ఆ మాట తనకే బాగా లేనట్టు ఆగిపోయారు. "ఇస్తానంటాను, విప్పండి" అన్నారు మళ్ళీ.

"వద్దండి" అంది నాయనమ్మ. "కట్టేసి అడిగితే అది మాట కాదండి. విప్పేక చెప్పండి. తమకిష్టమైతేనే."

నాకు నాయనమ్మ నోరు మూసేద్దామన్నంత కోపం వచ్చింది. చేతికందిన మాటని ఎవరైనా అలా జారవిడుస్తారా? కానీ నడుముకి తాడుంది, కదలడానికి లేదు. పిన్ని నా దగ్గరకి వచ్చి, "అందరూ కదిలితే ముడి పెరుగుద్ది. ఒక్కొక్కరే రావాలి. ముందు తిరిగింది నువ్వు, ముందు నువ్వే. నేను తాళం వేస్తేనే అడుగు. వెయ్యకపోతే చచ్చినా కదలకు" అంది. తాళం వేసింది. ఒక అడుగు వేశాను. ఎంతసేపటికీ రెండో తాళం వెయ్యలేదు. పైకి చూసి, తాడు ఎటు పోతోందో చూసుకుని, అప్పుడు వేసింది. పార్లర్ వదిన తాడు కింద నుంచి దూరాను. ఆగాను. మిల్లు తాతగారి చుట్టూ ఒక అడుగు తిరిగాను. ఆగాను. నా జీవితంలో అంత నిదానంగా నేను నడిచింది లేదు. అరికాళ్ళ కింద నిప్పులున్నట్టే ఉంది, అయినా కదల్లేదు. ఆయన ఊపిరి కూడా వినపడేటంత దగ్గర. ఒకసారి మెల్లగా, "తొందరపడకమ్మా, మెల్లిగా తియ్యి" అన్నారు. ఊళ్ళో ఎప్పుడూ నిలబడని ఇద్దరం ఒకే గడకి కట్టుబడి నిలబడ్డాం. నా తర్వాత వదిన, వదిన తర్వాత ఇంకొకరు. ఎండ అరుగు దిగి గట్టెక్కేవేళకి పన్నెండు తాళ్ళూ విడిపోయి గడ చుట్టూ వేలాడాయి.

మిల్లు తాతగారు ఒళ్ళు విరుచుకున్నారు, కండువా దులిపారు, లోపలికి వెళ్ళిపోయారు. తలుపు చప్పుడు వినపడింది. ఇక పెరటి గుమ్మం నుంచి వెళ్ళిపోతారనుకున్నాం. పిన్ని తాళాలు సంచీలో పెట్టేసింది. నాయనమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆయన వచ్చారు. చేతిలో మామ్మగారి ముగ్గు డబ్బా. మమ్మల్నెవరినీ చూడకుండా తిన్నగా తోట గట్టు దగ్గరకి నడిచి, వంగలేరు కాబట్టి నిలబడే, పైనుంచి ముగ్గు ధారగా పోస్తూ ఒక గీత గీశారు. నాలుగడుగులు జరిగి ఇంకో గీత. (ఇల్లు కట్టేముందు మేస్త్రి ముగ్గు పోసినట్టే, కాస్త వంకరగా.) అక్కడా ఆగలేదు, ఇంకో రెండడుగులు జరిగి మూడో గీత గీశారు. "నా కొబ్బరికాయల బండి కూడా పట్టాలి చెల్లెమ్మా. ఆ వెడల్పు ఉంటేనే ఇస్తాను" అన్నారు. నాయనమ్మ తల ఊపింది. కాలువ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి ఊపింది. అవతలి నాయనమ్మకి ఏమర్థమైందో గానీ తనూ రెండు చేతులూ ఎత్తింది.

వేసవిలో కాలువలు కట్టేసి నీళ్ళు ఆగినప్పుడు స్తంభాలు వేశారు. మళ్ళీ నీళ్ళు వదిలేనాటికి రెండు పక్కలా పిట్టగోడలతో వంతెన తయారైంది. ప్రారంభానికి పెద్దలు ముహూర్తం పెట్టారు. నాయనమ్మ ఆ ముహూర్తానికి ముందు రోజే, ఎవరికీ చెప్పకుండా, నన్ను తోడు తీసుకుని బయల్దేరింది. రెండేళ్ళకి పైగా తహతహలాడిన మనిషి పరుగెడుతుందేమో, పడిపోతుందేమో అని నేను వెనకాలే చేతులు చాపుకుని నడిచాను. ఆవిడ సరిగ్గా మధ్యకి వచ్చి ఆగిపోయింది. పిట్టగోడ పట్టుకుని కింద నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. నాకు ఆత్రం ఆగలేదు. "నడు నాయనమ్మా, అదిగో, చూస్తంది నీకోసం" అన్నాను. "ఉండవే. ఇన్నాళ్ళూ ఆత్రపడ్డాను, ఇప్పుడు పోవచ్చు కదా అని తెలిసేక కాస్త నిలబడాలనిపిస్తంది" అంది. పక్క నుంచి దాటిపోవడానికి నాకు మనసు రాలేదు. నేనూ నిలబడ్డాను. నీళ్ళు ఎర్రగా, కొత్తగా, కొబ్బరి మట్టలు మోసుకుంటూ పోతున్నాయి. అవతల అరుగెక్కగానే అవతలి నాయనమ్మ అక్కని పైనుంచి కింది దాకా చూసి, "ఇంతసేపా? కూర చల్లారిపోయింది" అంది. ఈవిడ ఏడుస్తూ కూర్చుంది. చిటికెలో తేరుకుని, నువ్వు కట్టే చీపురు ముడి వదులని ఈవిడ, నీదే వదులని ఆవిడ. సాయంత్రానికి మాటల్లేకుండా నాయనమ్మ తిరిగొచ్చేసింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళింది. అవతలి నాయనమ్మ మాత్రం ఉన్నన్నాళ్ళూ నన్నడిగేది: "ఆయన్ని మధ్యలో పెట్టి కట్టేసేరే, ఆ ఆట బాగుందే అమ్మాయ్. మళ్ళీ ఎప్పుడేస్తారు?"

ఒక మాట దాచాను, ఇప్పుడు చెప్పేస్తాను. ఆ రోజు నుంచీ ఊళ్ళో అందరూ, కాలుగాలిన పిల్లి కావాలనే జడ చిక్కు పెట్టి మిల్లు తాతగార్ని పట్టేసిందన్నారు. ఎంత తెలివో చూడండన్నారు. ఆ పేరు మీదే నాకు అమలాపురంలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర ఉద్యోగం దొరికింది. పెళ్ళిచూపుల్లో కూడా మా అమ్మ ఆ కథే చెప్పింది. నేను ఒక్కసారీ కాదనలేదు. తొందరపడి తప్పు అడుగు వేశానంతే, తెలివి నాది కాదు, కుర్చీ ఈడ్చుకుని వచ్చిన ముసలావిడది. ఇప్పుడు ఇద్దరు నాయనమ్మలూ లేరు, మిల్లు తాతగారూ లేరు, ఆయన కొబ్బరికాయల బండి మాత్రం మనవడు నడుపుతున్నాడు.

నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా స్కూటీ మీద ఆ వంతెన ఎక్కి, మధ్యలో ఆపి, కాసేపు నిలబడతాను. మోకాలు నొప్పి పుట్టేదాకా నిలబడతాను. మొన్న అలాగే ఉంటే వెనక హారన్ మోగింది. కాలేజీ పిల్ల, తనూ స్కూటీ మీదే, ఒక కాలు నేల మీద ఆడిస్తూ, "ఆంటీ, కాస్త జరుగుతారాండి, బస్సు వెళ్ళిపోద్ది" అంది. నాకు జరగాలనిపించలేదు. కానీ ఆ కాలు చూశాను. నా బండి పిట్టగోడ వారకి లాగి దారిచ్చాను. ఆ పిల్ల థాంక్సండి అనే లోపే అవతలి గట్టు దిగిపోయింది. బస్సు ఇంకా రాలేదు. దూరంగా స్టాపు దగ్గర బండి పెట్టేసి ఆ పిల్ల అటూ ఇటూ తిరుగుతూ కనపడుతూనే ఉంది.